తల్లి చేపలను వదిలేసిన శుక్రవారం

ఒమన్ చూడడానికి వచ్చేవాళ్లు మస్కట్ కోటలు, కొండల మధ్య వాగులు, ఎడారి గుడారాలు చూసి వెళ్లిపోతారు. తూర్పు తీరంలో ఎడారి ఇసుక సముద్రందాకా జారివచ్చే ఒక చోట రేకుల షెడ్డు, నాలుగు గుండ్రటి తొట్లు, పంపు గది ఉన్న సర్కారు చేపపిల్లల కేంద్రం ఒకటి ఉంది. దాన్ని చూడడానికి ఎవరూ రారు. నేనూ చూడడానికి పోలేదు, పంపు మార్చడానికి పోయాను. అక్కడ ఇప్పుడు చూడడానికి మరీ ఏమీ లేదు. అందుకే రాస్తున్నాను.

ఘాలా

మా కంపెనీ ఘాలాలో. గ్యారేజీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపుల మధ్య ఒక షెడ్డు. పంపులు బిగించడం, చెడితే బాగుచేయడం మా పని. జగిత్యాల దగ్గర మా ఊరు. మెకానికల్ డిప్లొమా చదివి ఇక్కడికొచ్చాను. ఏ సైట్‌కు వెళ్లినా ముందు జాబితా రాసుకుంటాను. ఉప్పునీటి పంపు, స్టార్టర్ డబ్బా, వాల్వులు, పైపు ముక్కలు, బోల్టులు, రబ్బరు వాషర్లు, తుప్పు వదిలించే నూనె. ఒక్కొక్కటి చూసి టిక్కు పెడుతుంటే పికప్ డ్రైవర్ మస్తాన్ నవ్వాడు.

"ఏంది ఇంజనీరూ, పెండ్లి సామాను మాదిరి రాసుకుంటాండావు. పెండ్లికూతురు యాడుంది?"

మస్తాన్‌ది కడప వైపు. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు, షుర్తాలతో, అంటే పోలీసులతో, అరబ్బీ. ఇంజిన్‌తో మాత్రం తిట్లు. నా జాబితా మీద జోకులు వేసేది అతనే, సగం దారిలో ఏదైనా లేదంటే నన్ను నిలబెట్టి కడిగేసేదీ అతనే.

బయలుదేరే ముందు మా ఇన్‌చార్జి ఒక మాట చెప్పాడు. ఆ కేంద్రాన్ని నడపాలా, మూసేయాలా అన్నది తేల్చడానికి ఆదివారం మస్కట్ ఆఫీసు నుంచి మనుషులు వెళ్తున్నారు. ఈ ఏడాది డబ్బు మీద ఇంకా సంతకం పడలేదు. వాళ్లు వచ్చేసరికి పంపు నడుస్తూ ఉండాలి, తల్లి చేపలు బాగుండాలి. ఆ రెండూ ఉంటే ఇంకో ఏడాది గడుస్తుందని అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఆశ పెట్టుకున్నాడట.

"పంపు నీ చేతిలో. చేపలు ఆళ్ల చేతిలో" అన్నాడు మస్తాన్, గేరు వేస్తూ.

ఇబ్రా

ఇబ్రాలో బుధవారం ఆగాము. ఒక టీ దుకాణం ముందు మస్తాన్ హారన్ కొట్టాడు. మలయాళీ కుర్రాడు బండి దగ్గరికే వచ్చి ఆర్డర్ తీసుకున్నాడు. ఇక్కడ ఇదే పద్ధతి. మా జగిత్యాల బస్టాండు హోటల్ ముందు ఇలా హారన్ కొడితే చాయ్ రాదు, ఓనరు కర్ర పట్టుకుని వస్తాడు. కరక్ చాయ్ వంద బైసాలు. పరోటాలో గుడ్డు, మెత్తటి జున్ను, పైన నలిపి చల్లిన ఆలూ చిప్స్. మొదటిసారి చూసినప్పుడు చిప్స్ నలగడం పొరపాటనుకున్నాను. ఇప్పుడు అవి లేకపోతే అడిగి వేయించుకుంటున్నాను.

తర్వాత ఖర్జూరం కొందామని బజారులో ఒక ద్వారంలోంచి లోపలికి వెళ్లాం. నల్ల అబాయాలు, రంగురంగుల బట్టల మూటలు, అత్తరు, వెండి. అందరూ ఆడవాళ్లే. ఒక పెద్దావిడ చేయి ఊపుతూ ఏదో గట్టిగా అంది. మస్తాన్ నా చొక్కా పట్టి బయటికి లాగాడు.

"బుధవారం ఇది ఆడోళ్ల సంత బ్బా! మగోళ్లు పోగూడదు. నీ జాబితాలో రాసుకోలేదా?"

"నువ్వు పదేండ్లసంది ఈ దేశంలనే ఉన్నవు గద, నీకు తెల్వదా?"

"నేనెప్పుడూ శుక్రవారమే వచ్చినా."

ద్వారం బయట టైల్స్ పనిచేసే, మన నిర్మల్ వైపు మనిషి ఒకడు ఇదంతా చూసి పడిపడి నవ్వాడు. ఎక్కడికని అడిగాడు. చేపపిల్లల కేంద్రానికని చెప్పాను.

"ఏందన్నా, ఎదురుంగ సముద్రమున్నంక చేపపిల్లలు పోసుడేంది? చెర్లయితే పోస్తరు గని."

అడగాల్సిన ప్రశ్నే. ఆ కేంద్రం దగ్గర ఖోర్ ఉంది. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి, సన్నటి నోరున్న ఉప్పు మడుగులా నిలిచిన చోటును ఖోర్ అంటారు. ఒకప్పుడు గాలమేసేవాళ్లకు అది బంగారమట. దొంగ వలలు పడి అందులో చేప అడుగంటింది. వలలు ఆపేశారు కానీ చేప తిరిగి రాలేదు. సర్కారు తొట్లలో పిల్లలు తీసి ఏటా ఖోర్‌లో వదలడం మొదలుపెట్టింది. వారాంతంలో గాలాలు పట్టుకుని వచ్చేవాళ్లు మళ్లీ రాసాగారు.

"మా ఊరి చెర్ల గూడ పోసిన ఏడు పోస్తరు, పొయ్యని ఏడు లేదు" అన్నాడు నిర్మల్ మనిషి. "వానలు పోయినంక తెచ్చి పోస్తరు. అప్పటికి చెర్ల నీళ్లుండయి."

మా ఊరి కథా అదేనని చెప్పాను. అతను నవ్వలేదు.

సముద్రం ఒడ్డు

గురువారం పొద్దున్నే కేంద్రం చేరాం. గేటు తీసింది గంగారాం. పేరు వినగానే ఏ ఊరని అడిగాను. మా ఊరికి మూడు ఊళ్ల అవతల. గంగపుత్రుల ఇంటివాడు, గోదావరిలో వల విసిరి పెరిగినవాడు. యాభై దాటి ఉంటాయి. మనవాళ్లు దుబాయ్, మస్కట్ వచ్చి ఇటుకలు మోస్తారు, కంకర మోస్తారు. చేపల పనికి వచ్చి చేపల పనే దొరికినవాణ్ని మొదటిసారి చూశాను.

"ఏం బిడ్డా, ఇంటికాడ నుంచి ఏమన్న తెచ్చినవా?"

"పంపు తెచ్చిన కాకా."

"పంపు తిననొస్తదా?"

చాయ్ ఇచ్చాడు, తర్వాత తల్లి చేపల తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. నేనింకా సామాను దించలేదు. ముందు వాటిని చూడాల్సిందే అన్నాడు.

సుబైతి అంటారు ఆ చేపను. వెండి రంగు, బలమైన దవడ. నీడగా కట్టిన నల్ల వల కింద ఇరవై దాకా పెద్ద చేపలు మెల్లగా తిరుగుతున్నాయి. గంగారాం తొట్టి అంచు మీద గరిటెతో టక్ టక్ టక్ అని కొట్టాడు. అన్నీ ఒక్కసారి ఇటు తిరిగి, అతని చేతి కిందికి వచ్చి నోళ్లు తెరిచాయి.

"అమ్మలు" అన్నాడు. "తమాష తెల్సా? ఇవి శిన్నగున్నప్పుడు అన్ని మొగోళ్లే. ఏండ్లు గడిస్తే అండ్లకెల్లి అమ్మలైతయి. గందుకే మల్ల కొనుక్కస్తమంటె దొరకయి. నేనచ్చినప్పుడు ఇవి అరచేయంత లేవు."

ఒకదాని తోక పైకొస తెగి ఉంది. చిన్నప్పుడు పైపులో ఇరుక్కుందట. దాని పేరు తుంటది. మిగతావాటికి పేర్లు లేవు. అది మాత్రం అతని వేళ్లను మెల్లగా కొరికి, మేత లేకపోయినా అక్కడే నిలబడింది.

ఆ పొద్దు ఈ ఏటి పిల్లలను వదలాలి. ముదీర్ వచ్చాడు. పొడవాటి తెల్ల అంగీ దిష్‌దాషా, అలసిన కళ్లు, నెమ్మదైన మనిషి. మాతో గల్ఫ్ హిందీలో మాట్లాడాడు. గంగారాం కింద పనిచేసే బెంగాలీ కుర్రాడితో కలిసి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో పిల్లలను ఖోర్ దగ్గరికి తీసుకెళ్లాం. సంచులను కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పారు. మా చెరువు దగ్గరా ఇంతే. తేడా ఒకటే. మా దగ్గర కొబ్బరికాయ కొట్టి గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, నాయకుడు ఫొటో దిగి, అప్పుడు విప్పుతారు. అప్పటికి సంచిలో కొన్ని తేలిపోతాయి.

వదిలేటప్పుడు ముదీర్ ప్రతి సంచికీ "ఛోడ్ దో" అన్నాడు. గంగారాం మూతి విప్పాడు. మళ్లీ "ఛోడ్ దో." మళ్లీ విప్పాడు. వాళ్లిద్దరి మధ్య ఏళ్లుగా ఆ మాటతోనే పిల్లలు నీళ్లలో పడుతున్నాయి.

సాయం చేయడానికి హమద్ చాచా అనే ముసలాయన వచ్చాడు. ప్రతి శుక్రవారం ఆ ఖోర్‌లో గాలమేసేవాడు. చిన్నప్పుడు తండ్రితో పడవల్లో బొంబాయి తిరిగొచ్చిన మనిషి, హిందీ చక్కగా మాట్లాడతాడు. చేపలు వదలడం ఆపవద్దని గాలాలవాళ్లందరి తరఫునా ఆఫీసుకు రాసింది ఆయనే.

"రుజువు చూపించమన్నారు" అన్నాడు నాతో. "మీరు వదిలినవి పెరుగుతున్నాయని ఏం రుజువని అడిగారు. ఒక్క పెద్ద చేప పడనీ, ఫొటో పంపిస్తా. నోరు మూసుకుంటారు."

మధ్యాహ్నం ముదీర్ మస్కట్‌లోని ఇంటికి బయలుదేరాడు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఆఫీసువాళ్లతో వస్తానన్నాడు.

బండి కనుమరుగయ్యాక గంగారాం అన్నాడు: "సూసుడేముంది బిడ్డా. తాళమేసెతందుకే వస్తున్నరు."

"అట్ల కాదు కాకా. బాగుంటె ఇంకో ఏడాది ఇస్తరట."

"మా కాడ సర్కారు చేపల ఫారం ఉండె. గట్లనే అన్నరు. సూసెతందుకొచ్చిండ్రు, తాళమేసి పోయిండ్రు. కుంటల తల్లి చేపలట్లనే ఉన్నయి. ఎండకాలం నీళ్లు గుంజినయి. గోడ దుంకి పోయి సూస్తె..." అని ఆగాడు. "బురదల నోర్లు తెరిసి ఉన్నయి. సర్కారుయి గద, ముడితె కేసు."

లేచి వెళ్లి తొట్టి మీద టక్ టక్ అని కొట్టాడు. మేత వేసే వేళ కాదు అది.

ఖోర్

శుక్రవారం పాత పంపు విప్పేసరికి నా జాబితా నన్ను మోసం చేసింది. రబ్బరు వాషర్లు ఉన్నాయి, టిక్కు ఉంది, కానీ కొలత వేరు. తొట్లకు గాలి పంపే యంత్రం నడుస్తోంది కనుక చేపలకు వెంటనే ప్రమాదం లేదు. మస్తాన్‌కు జుమ్మా నమాజు ఉంది. ఇద్దరం దగ్గరి పట్నానికి వెళ్లాం. అతను నమాజు చేసి వచ్చేదాకా మసీదు నీడలో కూర్చున్నాను. తర్వాత టైర్ల దుకాణం తెరిపించి, రబ్బరు షీటు కొని, కొలతకు కత్తిరించుకున్నాను. పనిలో పనిగా బిర్యానీ. పెద్ద పళ్లెంలో నలుగురికి సరిపడా అన్నం, పైన కోడి. మస్తాన్ "ఇది మా కడప బిర్యానీ ముందర గంజి" అంటూనే పళ్లెం ఖాళీ చేశాడు.

తిరిగొచ్చేసరికి గంగారాం తల్లి చేపల తొట్టిలో నిలబడి గోడలు రుద్దుతున్నాడు. తొట్టిలో నీళ్లు లేవు.

"కాకా, చేపలేవి?"

"ఇడిసిపెట్టిన."

ముఖం తేలికగా ఉంది. చాలా రోజుల తర్వాత బరువు దించుకున్నవాడిలా ఉన్నాడు. తొట్టి అంచు మీద పసుపు, కుంకుమ. పక్కన కొబ్బరి చిప్పలు.

"ముదీర్‌కు ఫోన్ చేసిన. నీళ్లు బందయినయి గద, అమ్మలను ఇంకో తొట్టిలకు మార్చాల్నా, ఏం చెయ్యాల్నని అడిగిన. 'అరే ఛోడ్ దో, ఛోడ్ దో' అన్నడు. మంచిమనసు బిడ్డా ఆయనది. తాళమేస్తె ఎండిపోతయని ఆయనకు గూడ తెలుసు. బెంగాలీ పిలగాడు, నేను కలిసి కాన్వాసుల పండుకోబెట్టి ఒక్కొక్కదాన్ని మోసినం. ఒక్కటి గూడ దెబ్బ తాకలె. మంచిగ పోయినయి."

మస్తాన్ నాకంటే ముందు అర్థం చేసుకున్నాడు. అతని ఇంటి భాషలో ఆ మాట రోజూ నడుస్తుంది.

"అయ్యో మామా! ఛోడ్ దో అంటే అట్లే ఉండనీ అన్నాడు! కదిలించాకు, గమ్మునుండు అని! సెలవు దినం విసిగించాకు అని!"

గంగారాం అతన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఛోడ్ దో అంటె ఇడిసిపెట్టుమనే గద?" అని మెల్లగా అన్నాడు. "నిన్న గూడ గదే అన్నడు గద?"

తెలుగులోనూ అంతే. ఇడిసిపెట్టు అంటే రెండూ అవుతాయి.

ఖోర్ దగ్గరికి పరుగెత్తాం. శుక్రవారం మధ్యాహ్నం. ఒడ్డు పొడవునా పెద్ద పెద్ద బళ్లు, పొడవాటి గాలాలు, కుటుంబాలు, చాపలు, ఫ్లాస్కులు. చేపలు నీళ్లలో దిగి రెండు గంటలు కూడా కాలేదు. ఏళ్లుగా మనిషి చేతి కింద తిన్న చేపలు అవి. నీడ పడితే పారిపోవాలని వాటికి తెలియదు. మనిషి నీడంటే మేత.

మస్తాన్ ఒడ్డు వెంట పరుగెత్తుతూ అరబ్బీలో, హిందీలో అరిచాడు. పట్టవద్దు, అవి సర్కారు తల్లి చేపలు, పెద్దవి, పట్టవద్దు. కాసేపటికి ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"పని చెడింది బ్బా. పెద్ద చేపలున్నాయని నేనే టముకు వేసినట్టయింది. ఆ పక్కనుండేటోళ్లు కూడా ఈ పక్కకే వస్తాండారు."

గంగారాం ఇవేవీ వినడం లేదు. నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నడుము లోతు నీళ్లలో సగం ముంచి, గరిటెతో కొట్టాడు. టక్ టక్ టక్. బెంగాలీ కుర్రాడు చేతి వల పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్ల కింద ఒక వెండి నీడ తిరిగింది. ఇంకొకటి. వచ్చాయి. అంత పెద్ద నీళ్లలో, అంత మంది మధ్య, ఆ చప్పుడు విని వచ్చాయి.

అదే చప్పుడు ఒడ్డు మీదివాళ్లూ విన్నారు. నీళ్లు కదలడం చూశారు. అతని చుట్టూ గాలాలు వరుసగా వచ్చి పడ్డాయి. బెంగాలీ కుర్రాడి వలలో ఒకటి పడేలోపు పక్కన రెండు గాలాలు వంగాయి. నేను చేతులు ఊపుతూ అరిచాను. ఎవరో నవ్వి నాకు బొటనవేలు పైకెత్తి చూపించారు.

గంగారాం మళ్లీ గరిటె ఎత్తాడు. కొట్టలేదు. కొడితే వస్తాయి. కొట్టకపోతే రావు. కొన్ని క్షణాలు గరిటె గాలిలో అలాగే ఉంది. తర్వాత దాన్ని నీళ్లలో వదిలేశాడు. డ్రమ్మును వదిలేశాడు. ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూర్చున్నాడు.

వలలో పడిన ఒక్కటి కూడా గిలగిలా కొట్టుకుని కుర్రాడి చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు హమద్ చాచా వచ్చాడు. రెండు చేతుల మీద పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఒక చేపను తెచ్చాడు. ముఖమంతా వెలుగు. "నా జన్మలో ఇంత సుబైతి చూడలేదు! చూశావా గంగారాం? నేను చెప్పలేదూ? మీరు వదిలిన పిల్లలే ఇవి. ఇదిగో రుజువు! ఫొటో అప్పుడే పంపించాను."

దాని తోక పైకొస తెగి ఉంది.

నేను చెప్పబోయాను. గంగారాం నా మోకాలి మీద చేయి వేసి ఆపాడు. ముసలాయన వంగి చేపను గంగారాం ఒళ్లో పెట్టాడు. మొదటి పెద్ద చేపను పక్కవాడికి ఇచ్చేయడం వాళ్లకు మర్యాద.

"నువ్వు పెంచినది. నువ్వే తిను."

"షుక్రన్ చాచా" అన్నాడు గంగారాం. దాని నోరు ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. వేలు పెట్టాడు. కొరకలేదు.

తిరుగు దారి

శనివారం పొద్దున కొత్త పంపు బిగించి నడిపించాను. చప్పుడు లేదు, కారడం లేదు, నీటి ఒత్తిడి సరిగ్గా ఉంది. నేను బిగించినవాటిలో ఇంత చక్కగా నడిచింది ఇంకొకటి లేదు.

రాత్రే కబురు అందుకున్న ముదీర్ సెలవు మానుకుని వచ్చాడు. ఖాళీ తొట్టిని చూశాడు.

"మైనే క్యా బోలా?" అన్నాడు, నేనేం చెప్పానని.

"ఛోడ్ దో బోలా సాబ్."

"హా, ఛోడ్ దో బోలా! ఛోడ్ దో మత్లబ్..." ఆగిపోయాడు. "ఛోడ్ దో" అని ఇంకోసారి అని, తొట్టి అంచు మీద, పసుపు పూసిన చోటే కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని గంగారాం తర్వాత నాతో అన్నాడు.

తిరుగు దారిలో ఇబ్రాలో ఆగాం. మస్తాన్ హారన్ కొట్టలేదు. దిగి లోపలికి వెళ్లి చాయ్ తెచ్చాడు. చిప్స్ పరోటా ఇద్దరమూ అడగలేదు.

ఆదివారం ఏం జరిగిందో గంగారాం ఫోన్‌లో చెప్పాడు. ఆఫీసువాళ్లు వచ్చారు, ఖాళీ తొట్టిని చూశారు. అప్పటికే వాళ్ల దగ్గర హమద్ చాచా పంపిన ఫొటో ఉంది. ఖోర్‌లో ఇంత పెద్ద చేపలు ఉన్నాయంటే ఇంకా పిల్లలు వదలాల్సిన అవసరం ఏముందని ఒకాయన అడిగాడట. మూసేస్తామనీ అనలేదు, నడుపుతామనీ అనలేదు. తాళం వేయలేదు. జీతం ఈ నెల వచ్చింది. వచ్చే నెల సంగతి తెలియదు.

"పంపు ఎట్లున్నది కాకా?" అని అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"మంచిగ నడుస్తుంది బిడ్డా. రాత్రి పగలు అమ్మల తొట్టిలకు నీళ్లు గుంజుతనే ఉన్నది. ఇటు నుంచి వస్తయి, అటు నుంచి పోతయి. అండ్ల ఏమీ లేదు గద, బందు చెయ్యాల్నా సాబ్ అని ముదీర్‌ను అడిగిన."

"ఏమన్నడు?"

"ఛోడ్ దో అన్నడు."

ఫోన్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఈసారి మల్ల అడిగిన బిడ్డా. ఏది సాబ్, నడవనియ్యాల్నా, బందు చెయ్యాల్నా అని. ఫోన్ పెట్టేసిండు."